జబల్ ఇంటికి తాళం వేసిన సాయంత్రం

పొద్దు గూకినాక ఆ ఇంటి చుట్టుపక్కల ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలుచుకోరు.

జబల్ అఖ్దర్ అని ఒమాన్‌లో పెద్ద కొండ. మనోళ్లందరూ ఒట్టి జబల్ అనేస్తారు. దాని మీద, దానిమ్మ తోటలన్నీ దాటి, ఇంక దారి లేదనుకునే చోట, లోయ అంచున ఒంటరిగా ఉంటుంది ఆ ఇల్లు. రాతి గోడలు, ఇనుప తలుపు, రెండంతస్తులు. ఎండాకాలమంతా పిల్లల అరుపులు, మాంసం కాల్చే పొగ... పెళ్లివారిల్లే అది. చలికాలం మొదలైతే తాళం పడుతుంది.

తాళం పడినాకనే అసలు సంగతి. లోపల మనిషన్నవాడు లేనప్పుడు... లోపల్నుంచి పిలుస్తారంట. ఊరికే కేకలు కాదు. దారిన పోయేవాడి పేరు పెట్టి, బాగా ఎరిగిన మనిషి పిలిచినట్టే పిలుస్తారంట.

ఇల్లు కట్టిన కొత్తల్లో ఒక కాపలావాణ్ణి పెట్టినారు. బలూచీవాడని ఒకరంటారు, బెంగాలీ అని ఇంకొకరంటారు. వాడు బయట షెడ్డులో పడుకోనుంటే నడిరేయి ఇంట్లోనుంచి వాడి పేరు పిలిచింది. "ఆఁ... వస్తున్నా" అని లేచిపోయినాడు. తెల్లారి చూస్తే లోయ అడుగున ఎముకలు విరిగి పడున్నాడు. ఇంటికేసిన తాళం వేసినట్టే ఉంది. వాడొక్కడే ఉంటే పిలిచిందని ఎవరు చెప్పినారయ్యా అని నన్నడగొద్దు. దెయ్యాల సంగతులకు సాక్షులెవరుంటారు... విన్నది చెప్తున్నా.

గల్ఫ్‌లో చలేంది, దెయ్యమేంది అని నవ్వేవాళ్లుంటారు. నేనూ నవ్వినోణ్ణే. కింద మస్కట్‌లో చొక్కా చెమటకు అంటుకునే రోజున జబల్ మీద స్వెట్టరు లేకుండా నిలబడలేం. డిసెంబరు, జనవరిలో బక్కెట్లో నీళ్లు రాత్రికి రాత్రి గడ్డకడతాయి. పైపుల్లో నీళ్లున్నా అంతే, గడ్డకట్టి పైపును చీల్చేస్తాయి. అందుకే ఆ ఇంటిని ఊరికే తాళమేసి వదిలి రాలేరు. దానికో రోజు పడుతుంది.

నాకిది చెప్పింది ఖాదర్‌వలి. రాయచోటి మనిషి. కింద సమాయిల్ ఊళ్లో ఒక అర్బాబ్ దగ్గర... అంటే యజమాని, ఆ జబల్ ఇల్లు ఆయనదే... పన్నెండేళ్లుగా డ్రైవరు. ప్రతి శుక్రవారం మా రూముకొచ్చి అందర్నీ కడుపుబ్బ నవ్వించేవాడు. రెండువేల ఎనిమిది చలికాలం తర్వాత నవ్వడం మానేసినాడు. ఏమైందన్నా అంటే మాట మార్చేవాడు. ఒకే ఒక్కసారి నోరు విప్పినాడు. ఆ రోజు ఎవరూ అన్నం తినలేదు.

ఆ అర్బాబ్ ఇంట్లోనే మల్లీశ్వరి అని పనిమనిషి ఉండేది. రాజంపేట పక్కన పల్లె. ఇరవై ఆరేళ్లుంటాయి. మొగుడు వదిలేసి పోతే, మూడేళ్ల ఆడబిడ్డను తల్లి దగ్గర పెట్టి వచ్చింది. వీసా తెప్పించింది ఖాదర్‌వలే. కడప బస్టాండులో ఆ తల్లి తిరుపతమ్మ ఈయన రెండు చేతులూ పట్టుకుని, "నాయనా, నా బిడ్డను నీ తోడబుట్టిందనుకో. ఆ దేశంలో దానికి నువ్వే దిక్కు" అనింది. ఈయన సరేనన్నాడు. మనమైనా ఏమంటాం... సరేననే అంటాం.

మల్లీశ్వరి నాలుగేళ్లు అక్కడే ఉండిపోయింది. బక్రీదు కాగానే మొదటిసారి ఊరికి పోవాల. టికెట్టు కూడా వచ్చేసింది. బిడ్డ ఇప్పుడు ఫోన్లో బాగా మాట్లాడతా ఉంది, అమ్మా అని కాకుండా ఒమాన్ అమ్మా అంటుంది అని చెప్పి నవ్వేదంట, చెప్పి అవతలికి పోయి కళ్లు తుడుచుకునేదంట.

నవంబరు ఆఖరి గురువారం. అర్బాబ్, ఆయన భార్య, పిల్లలు పెద్దకారులో, ఖాదర్‌వలి, మల్లీశ్వరి పికప్‌లో తెల్లారే జబల్ ఎక్కినారు. ఇల్లు మూయడానికి.

అంతకు ముందేడు మేడ మీది గీజరులో నీళ్లు వదిలేసి పోయినారు. చలికి అది పగిలి, ఎండ రాగానే గడ్డ కరిగి, పైకప్పంతా కారి గోడలు పాడైపోయినాయి. అర్బాబ్ అప్పుడు ఇల్లు పీకి పందిరేసినాడు. అందుకే ఈసారి గట్టిగా చెప్పినాడు... చుక్క నీళ్లు మిగలకూడదు, గింజ తిండి మిగలకూడదు, ఎలుక కొరికేదేదీ బయటుండకూడదు.

పనంతా మల్లీశ్వరిదే. పద్దెనిమిది కంబళ్లు దులిపి, మడతేసి, మధ్యమధ్య కలరా ఉండలు పెట్టి పెద్ద ఇనుపపెట్టెలో సర్దింది. పరుపులు చుట్టింది. తివాచీలు చుట్టింది. అవన్నీ కింద స్టోరు గదిలోకి పోయినాయి. పెట్టెకొక తాళం, గదికొక తాళం, తాళంచెవులన్నీ మామా గుత్తిలోకి. ఇంటి ఆడమనిషిని అక్కడ పనివాళ్లు మామా అనే అంటారు. పరదాలు ఊడదీసి ఉతకడానికి కారులో వేసింది. ఫ్రిజ్ ఖాళీ చేసి, వాసన పట్టకుండా తలుపుకు పుల్ల అడ్డం పెట్టింది. గ్యాసు బండ పికప్ ఎక్కింది. అగ్గిపెట్టె కూడా వదల్లేదు... ఎలుకలు కొరికితే ఇల్లంటుకుంటుందని మామాకు భయం. సోఫాల మీద పలచటి గుడ్డలు కప్పడంతో లోపలి పని అయిపోయింది.

ఖాదర్‌వలి డాబా మీది ట్యాంకు ఖాళీ చేసినాడు. ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి వదిలినాడు. కిటికీల చెక్క తలుపులు బిగించినాడు... వాటి వెనకాల ఇనుప ఊచలు ఎటూ ఉండనే ఉన్నాయి. చివర్న కరెంటు మెయిను దించినాడు. ఇంక ఇల్లంటే గోడలే.

మల్లీశ్వరి తన బ్యాగు మధ్యాహ్నమే పెద్దకారు వెనకాల పెట్టుకుంది. స్వెట్టరు అందులోనే. ఫోనూ అందులోనే.

సాయంత్రం నమాజు వేళకు మామా, మిగిలిన బియ్యం, ఉల్లిగడ్డలు కింద తోటలో ఉండే జహీరుద్దీన్‌కు ఇచ్చి రమ్మంది. ఆయన హైదరాబాదు మనిషి, దానిమ్మతోటకు కాపలా. ఖాదర్‌వలి పోయినాడు. ఆయన టీ పెట్టినాడు. కొండ మీద ఒంటరిగా ఉండే మనిషి, మాట దొరికితే వదలడు. ఆకాశం మబ్బేసింది, ఈ రాత్రి కింద వాన తప్పదు, నువ్వు తొందరగా దిగు అంటానే ఇంకో గ్లాసు పోసినాడు.

తిరిగొచ్చేసరికి పెద్దకారు లేదు. పొద్దు పోయింది.

ఇనుప తలుపు ఓరగా తెరిచుంది. తాళం గొళ్లానికి వేలాడతా ఉంది, తాళంచెవి దానికే ఉంది. అందరూ పోయినారు, మల్లిని కూడా కారులోనే ఎక్కించుకుని పోయినట్టున్నారు అనుకున్నాడు. అయినా తాళమేసే ముందు ఒకసారి పిలవడం అలవాటు.

గడప దగ్గరే నిలబడినాడు. లోపల చీకటి. కిటికీలన్నీ మూసిన చీకటి బయటి చీకటి మాదిరి ఉండదు, చిక్కగా ఉంటుంది. ఖాళీ కుళాయిల్లోంచి ఎక్కడో ఒక చుక్క... కాసేపటికి ఇంకో చుక్క.

"మల్లీ..."

ఇల్లంతా ఖాళీ కదా, ఆయన గొంతే ఆయనకు వేరే మనిషి గొంతు మాదిరి తిరిగొచ్చింది. ఎవరూ పలకలేదు.

"మల్లీశ్వరీ..."

ఏమీ లేదు. కానీ... ఏమీ లేదని కూడా కాదు. మేడ మీద, చీకట్లో, ఏదో కదిలి ఆగినట్టయింది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నట్టయింది.

ఖాదర్‌వలికి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంకోసారి పిలుద్దామని నోరు తెరిచినాడు. పిలిస్తే... పలికేది మల్లి కాకపోతే?

తలుపు లాగినాడు. తాళం వేసినాడు. పికప్ ఎక్కి స్టార్టు చేసినాడు. మలుపు తిరుగుతుండగా వెనకనుంచి వినపడింది.

"ఖాదరన్నా..."

సన్నగా, గోడల లోపల్నుంచి. బాగా ఎరిగిన గొంతే. తాళం వేసిన ఇల్లు... పేరు పెట్టి పిలుస్తా ఉంది.

"ఖాదరన్నా... ఖాదరన్నా..."

పలకలేదు. అద్దంలో కూడా చూడలేదు. కిటికీ అద్దం పైకెత్తేసి, వచ్చిన దువాలన్నీ చదువుకుంటా యాక్సిలేటరు తొక్కినాడు. కొండ దిగి చెక్‌పోస్టు దీపాలు కనపడినాక గానీ గుండె కుదుటపడలేదు. ఆ జబల్ ఇల్లు నన్ను కూడా పిలిచింది మల్లీ, నేను పలకలేదు, బతికిపోయినా... అని ఇంటికి పోయినాక చెప్పాల అనుకున్నాడు. చెప్తే ఆ పిల్ల కళ్లు ఇంతింత చేసుకుని వింటుంది. ఆయనకు అప్పుడే నవ్వొచ్చింది కూడా.

కింద ఇజ్కి ఊరి దగ్గరికొచ్చేసరికి వాన మొదలైంది. సమాయిల్ చేరేసరికి ఎనిమిది. పికప్ చప్పుడు విని మామా బయటికొచ్చింది, చంకలో పసిబిడ్డ ఏడుస్తా ఉంది. మల్లీని తొందరగా దిగమను, పాలు కలపాల అనింది.

ఖాదర్‌వలి డోరు పట్టుకుని అట్లే నిలబడిపోయినాడు.

మల్లి మీతో రాలేదా అని అడిగినాడు. మాతో ఎందుకొస్తుంది, మేడ మీది గీజరు ఖాళీ చేయడం మర్చిపోయినామని దాన్ని అక్కడే ఉంచి, ఖాదర్‌తో రమ్మని చెప్పి వచ్చినాం గదా అనింది ఆమె. అంటానే ఆమె మొహం కూడా మారిపోయింది. హాల్లో మల్లీశ్వరి బ్యాగు ఉంది. అందులో ఫోను మోగుతా ఉంది... వాళ్లమ్మ అయ్యుంటుంది, గురువారం రాత్రి చేస్తాది.

అర్బాబ్ లోపల్నుంచి వచ్చి ఒకే మాట అడిగినాడు. తాళమేసే ముందు పిలిచినావా?

"పిలిచినా," అన్నాడు ఖాదర్‌వలి. "రెండు మూడుసార్లు పిలిచినా."

మూడు అని ఎందుకు కలిపినాడో ఆయనకే తెలియదు. అది చెప్పేటప్పుడు మాత్రం మా మొహాలు చూడలేదు.

అర్బాబ్ జబల్ మీద తెలిసినవాళ్లందరికీ ఫోన్లు కొట్టినాడు. వానకు టవరు పడిపోయినట్టుంది, ఒక్కటీ కలవలేదు. నేను చేస్తానే ఉంటా, నువ్వు బయల్దేరు అన్నాడు. ఖాదర్‌వలి మంచినీళ్లు కూడా తాగకుండా బండి తిప్పినాడు.

ఇజ్కి దాటినాక రోడ్డుకు అడ్డంగా వాదీ, అంటే కొండవాగు, పొంగి పారతా ఉంది. అక్కడి వాదీ సంగతి చూడనోళ్లకు చెప్పినా తెలియదు. గంట ముందు ఎండి ఉంటుంది, గంట తర్వాత బండరాళ్లను దొర్లించుకుపోతుంది. ఇటుపక్క ఇరవై బండ్లు నిలబడిపోయినాయి. ఖాదర్‌వలి ఆగకుండా నీళ్లలోకి దించబోయినాడు. పోలీసు అడ్డమొచ్చి బానెట్టు మీద చేతులు పెట్టి ఆపినాడు. లోపల ఆడమనిషి ఉంది సార్, కొండ మీద, తాళమేసిన ఇంట్లో అంటే ఆ పోలీసు జాలిగానే విన్నాడు. విని, నువ్వు కొట్టుకుపోతే ఆమెకు తాళం ఎవరు తీస్తారు అన్నాడు.

ఐదు గంటలు. స్టీరింగు పట్టుకుని ఐదు గంటలు కూచున్నాడు.

తలలో ఆ ఇల్లే తిరగతా ఉంది. కప్పుకోవడానికేముంది? కంబళ్లు పెట్టెలో. పెట్టె స్టోరు గదిలో. పరుపులున్నాయి గదా... అవీ ఆ గదిలోనే. పరదాలు చుట్టుకోవచ్చు... లేవు, కారులో తెచ్చేసినాం. పొయ్యి అంటించుకుంటుందిలే అనుకోబోయినాడు, గ్యాసు బండ ఈ బండి వెనకాలే ఉంది. పుల్లలైనా... అగ్గిపెట్టె లేదు. తాగడానికి చుక్క నీళ్లు లేకుండా డాబా ఎక్కి ఖాళీ చేసింది ఎవరు? తనే. ఇంటికి చలి నుంచి ఏ ఇబ్బందీ రాకుండా, ఇద్దరూ కలిసి ఎంత చక్కగా చేసినారు ఆ పని.

సాయంత్రం వెనకనుంచి పిలిచిన గొంతు గుర్తొచ్చినప్పుడల్లా చెవులు మూసుకున్నాడంట. మూసుకుంటే ఇంకా బాగా వినపడిందంట.

రెండున్నరకు నీళ్లు తగ్గినాయి. జబల్ ఎక్కేసరికి నాలుగు కావస్తా ఉంది. పైన వాన ఎప్పుడో ఆగిపోయి ఆకాశం తేటపడింది. తేటపడితేనే చలి ముదురుతుంది. అద్దం మీద మంచు పట్టి వైపరు గీసుకుంటా పోతా ఉంది. రోడ్డు పక్కన నిలిచిన వాన నీళ్లు దీపాల వెలుతురుకు తెల్లగా, గట్టిగా మెరిసినాయి.

తోట దగ్గర ఎవరో దారికి అడ్డంగా టార్చి ఊపినారు. జహీరుద్దీన్. దుప్పటి కప్పుకుని నిలబడున్నాడు. నిద్రపోయిన మొహం కాదది.

"పోవద్దు భాయ్," అన్నాడు గుసగుసగా. "ఆ ఇల్లు మేలుకుంది."

ఏమైందని అడిగినాడు ఖాదర్‌వలి. ఆయన చెప్పినాడు. నువ్వు పోయిన కాసేపటికే మొదలైంది. తలుపు దడదడ కొడతా ఉంది. ముందు నీ పేరు పిలిచింది. తర్వాత నా పేరు పిలిచింది... జహీర్ భాయ్, జహీర్ భాయ్ అని, ఏడుస్తా. నేను తలుపేసుకుని, చెవుల్లో గుడ్డలు పెట్టుకుని, తస్బీ దండ తిప్పతా కూచున్నా. అర్ధరాత్రి దాటిందాకా పిలిచింది. తర్వాత ఆగిపోయింది.

"ఆగిపోయిందా?"

"ఆగిపోయింది. అల్లా దయ."

"అది మల్లి, భాయ్," అన్నాడు ఖాదర్‌వలి. "మా మల్లి. నేను లోపల పెట్టి తాళమేసినా."

జహీరుద్దీన్ చేతిలోంచి టార్చి కింద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. అల్లాను తలుచుకున్న నోటితోనే తనను తాను తిట్టుకుంటా, దుప్పటి పట్టుకుని పికప్ వెనకాల ఎక్కినాడు.

ఇల్లు నల్లగా, నిశ్శబ్దంగా ఉంది. తాళం చేతికి నిప్పు మాదిరి తగిలింది, అంత చలి. తీసినాడు. తలుపు నెట్టినాడు.

రాలేదు.

మళ్లీ నెట్టినాడు. కొంచెం జరిగింది... జరిగి, మెల్లగా తిరిగి మూసుకుంది. లోపల్నుంచి ఎవరో ఆనుకుని నెడుతున్నట్టే. జహీరుద్దీన్ రెండడుగులు వెనక్కేసినాడు. ఖాదర్‌వలికి మాత్రం ఇప్పుడు భయం వేయలేదు. దెయ్యమైతే బాగుండు అనుకున్నాడంట. నిజంగా దెయ్యమే అయితే ఎంత బాగుండు...

సందులోంచి చెయ్యి పెట్టినాడు. వేళ్లకు తడి జుట్టు తగిలింది. తడి కాదు, గడ్డకట్టి పుల్లల మాదిరి ఉంది.

తలుపుకు వీపు ఆనించి కూచోనుంది. సోఫా గుడ్డలన్నీ లాక్కుని చుట్టుకుంది, లోపల బట్టలు తడివే. పక్కన సొట్టలు పడిన గిన్నె, దానితోనే తలుపు కొట్టినట్టుంది. స్టోరు గది తాళం చుట్టూ చెక్కంతా రోకలితో చెక్కేసింది, తాళం మాత్రం ఊడలేదు. గట్టి తాళం అది. ఖాదర్‌వలే మస్కట్ నుంచి తెచ్చినాడు.

కళ్లు తెరిచుంది. ఊపిరి ఉంది. కానీ వణకడం లేదు. అది చూసి ఈయన సంతోషపడినాడు, వణకడం లేదంటే చలి తగ్గిందేమోనని. అట్లా కాదు, చలి మరీ ముదిరితేనే వణుకు కూడా ఆగిపోతుందని తర్వాత ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది.

ఇద్దరూ ఎత్తుకొచ్చి ముందుసీట్లో కూచోబెట్టినారు. జహీరుద్దీన్ దుప్పటి, ఖాదర్‌వలి స్వెట్టరు, బండిలో ఉన్న గోనెపట్టాలు కూడా కప్పినారు. హీటరు మొత్తం తిప్పినారు. జహీరుద్దీన్ ఆమె మొహం చూడలేక మళ్లీ వెనకాలే ఎక్కి కూచున్నాడు. కొండ మీదే చిన్న ఆసుపత్రి ఉంది, అరగంట దూరం. ఖాదర్‌వలి ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని పోనిచ్చినాడు.

సగం దారిలో మాట్లాడింది. మాట ముద్దగా వచ్చినా తెలుస్తా ఉంది.

"సాయంత్రం పిలిచింది నువ్వేనా అన్నా?"

"నేనే, మల్లీ."

గీజరు నట్టు విప్పితే నీళ్లన్నీ మీద పడినాయని, స్నానాలగదిలో చీకట్లో బట్టలు పిండుకుంటా ఉన్నానని చెప్పింది. ఎవరినీ తప్పు పట్టినట్టు లేదు. పనిలో ఏదో పొరపాటు చేస్తే మామాకు చెప్పుకున్నట్టు చెప్పింది.

"రెండుసార్లు పిలిచినావు," అనింది. "విన్నా."

"వింటే పలకలేదేందమ్మా..."

"మా అమ్మ చెప్తాది గదా... చీకట్లో పేరు పెట్టి పిలిస్తే తొందరపడి పలకొద్దని. దెయ్యం రెండుసార్లకు మించి పిలవదంట. మూడోసారి కూడా పిలిస్తేనే మనిషంట." ఊపిరి తీసుకుంది. చాలాసేపు పట్టింది. "అందుకే... మూడోసారి పిలుస్తావని, కదలకుండా నిలబడుకోనున్నా."

ఖాదర్‌వలికి వాళ్లమ్మ జైనబీ కూడా చిన్నప్పుడు అదే చెప్పింది. అక్షరం తేడా లేకుండా అదే.

"తాళమేసిన చప్పుడు విన్నాక తెలిసింది నువ్వేనని," అనింది మల్లీశ్వరి. "దెయ్యం తాళమేయదు గదా అన్నా."

మలుపు తిరిగితే ఆసుపత్రి దీపం కనపడింది. వచ్చేసినాం మల్లీ, ఇంకేం భయం లేదు అన్నాడు. ఆమె అటు తిరిగి కిటికీకి తల ఆనించుకుంది. బండి ఆపి హారను కొట్టినాడు, కొడతానే ఆమె భుజం పట్టుకుని కదిపినాడు.

"మల్లీ..."

పలకలేదు.

"మల్లీశ్వరీ..."

మూడోసారి కూడా పిలిచినాడు ఖాదర్‌వలి. ఆ తర్వాత ఎన్నిసార్లో లెక్క లేదు. లోపల్నుంచి ఆసుపత్రివాళ్లు పరుగెత్తుకొచ్చి డోరు తీసేదాకా పిలుస్తానే ఉన్నాడు.